వీరవేణి నిద్ర

కడియపులంకలో చామంతి మొక్కని నిద్రపోనివ్వరు. కొత్తవాళ్లు వింటే నవ్వుతారు గానీ నిజమేనండి. రాత్రి పదింటికి మడుల మీద బల్బులు వేస్తారు, రెండింటికి ఆర్పుతారు. ఇంకా పగలే అనుకుని మొక్క మొగ్గ వెయ్యదు, ఏపుగా పెరుగుతుంది. ఎత్తు చాలనుకున్న రోజున లైట్లు మానేస్తే, అప్పుడు చీకటి తగిలి మొగ్గ తొడుగుతుంది. మధ్యలో నాలుగు రాత్రులు ఏమారితే పంటంతా జానెడెత్తులోనే పూసి కూర్చుంటుంది. ఎవరూ కొనరు.

గణేష్‌బాబుగారి నర్సరీలో ఆ లైట్ల పని ఇరవయ్యేళ్లుగా అప్పాయమ్మది. ఆవిడా, కూతురు వీరవేణీ తోటలోనే ఓ మూల రేకుల గదిలో ఉండేవారు. మొగదిక్కు లేదు. అప్పాయమ్మ భర్త ఎప్పుడో పోయాడు. కూతురు చేతికందొచ్చాక తల్లీకూతుళ్లు వంతులు వేసుకున్నారు. ఒక రాత్రి తల్లి లేస్తే, మర్నాడు రాత్రి కూతురు లేచేది. వీరవేణి తన టచ్ ఫోనులో ఒకటీ నలభై అయిదుకి అలారం పెట్టుకుని, దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకునేది.

కిందటేడు సెప్టెంబరులో ఓ వానరాత్రి. వంతు వీరవేణిది. ఆ పిల్ల లేవలేదు, తల్లి వెళ్లింది. తడిసిపోయి ఉన్న స్తంభం, దాని మీద పాత స్విచ్చిబోర్డు. చెయ్యి పెట్టింది, పడిపోయింది. ఇంక చెప్పేదేముందండీ! పొద్దున్నే పనికొచ్చిన బేబి అనే ఆవిడకి తెల్లవారిన తోటలో లైట్లన్నీ వెలుగుతూ కనపడ్డాయి. ఇదేంటి, ఇంకా ఆర్పలేదేంటి అనుకుంటూ స్తంభం దగ్గరికెళ్లి కెవ్వున అరిచింది. ఆ అరుపుకి గాని వీరవేణికి మెలకువ రాలేదు. లేచేసరికి ఒంటి మీద రెండు దుప్పట్లున్నాయి. ఒకటి తనది, ఇంకోటి అమ్మ కప్పుకునే ఆకుపచ్చ అంచుది.

పోలీసులు అడిగితే, "నేను పడుకున్నానండి" అంది. గణేష్‌బాబుగారు అడిగినా, ధవళేశ్వరం నుంచి పరుగెత్తుకొచ్చిన తాతాజీ మావయ్య అడిగినా అదే మాట. ఎవరూ అడక్కపోయినా అదే. పలకరింపుకి వచ్చిన ప్రతి మనిషికీ గుమ్మంలోనే చెప్పేది. "నా వంతండి. నేను పడుకున్నానండి." వినలేక కొంతమంది రావడమే మానేశారు.

గణేష్‌బాబుగారు చెడ్డవాడేం కాదు. ఆ వారంలోనే స్తంభం పీకించి, షెడ్డు లోపల కొత్త బోర్డు పెట్టించి, దానికి టైమరు బిగించాడు. పదింటికి దానంతటదే వెలుగుతుంది, రెండింటికి దానంతటదే ఆరుతుంది. మనిషితో పనే లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని తోటలో అందరూ గొణుక్కున్నారు. ఆ మాట ఆయనకీ తెలుసు పాపం, తల దించుకునే తిరిగాడు.

అయితే ఏంటి? టైమరుని వీరవేణి నమ్మితే కదా! రాత్రి పదింటికి వెళ్లి ఆ బోర్డు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకు కూర్చునేది. "టైమరుందిగా అమ్మా, వెళ్లి పడుకో" అని గణేష్‌బాబుగారు పది సార్లు చెప్పాడు. "చూసి పడుకుంటానండి" అనేది. రెండింటికి లైట్లు ఆరాక గదికొచ్చేది గానీ నిద్రెక్కడిది? ఒకవేళ కన్ను మూతపడినా చెవి పక్కనే గొంతు వినపడేది. "వేణీ, లే. లేవే. లే." అమ్మ గొంతే. కోపం ఉండేది కాదు అందులో, తొందర ఉండేది. దిగ్గున లేచి కూర్చుని తెల్లారేదాకా మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని ఉండేది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. ఈ పిల్ల నిద్రకి సుఖం సంగతి దేవుడెరుగు, ప్రాణభయం పట్టుకుంది.

పెద్దకర్మ అయిన నెల్లాళ్లకి మొహం మీద మొదలైంది. ముందు గడ్డం కింద నాలుగు మొటిమలు, తర్వాత దవడల మీద. పైకి తెల్లగా వచ్చిపోయే చిన్నవి కావు. లోపల గట్టిగా గింజకట్టి, చెయ్యి తగిలితే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఒకటి తగ్గేలోగా పక్కన రెండు లేచేవి, తగ్గినచోట నల్లగా మచ్చ ఉండిపోయేది. పద్నాలుగేళ్లప్పుడు ఒక్కటంటే ఒక్కటి లేని పిల్లకి ఇరవై నాలుగేళ్లకి ఇదేం ఖర్మే తల్లీ అని కవర్లలో మట్టి నింపే ఆడవాళ్లంతా బుగ్గలు నొక్కుకున్నారు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మట్టి కుప్ప దగ్గర కూర్చున్న నోళ్లు ఎప్పుడు మంచివయ్యాయి గనక! ఒకావిడ అననే అంది, వీరవేణి వినేలాగే అంది: "కన్నతల్లి ఉసురు. ఊరికే పోతుందా? మొహం మీదే రాసింది."

ఆ మాట పిల్ల గుండెల్లో దిగిపోయింది. నిజం చెప్పాలంటే ఆవిడ అనక ముందు నుంచే వీరవేణి లోపల అదే అనుకుంటోంది. గోడ మీద అమ్మ ఫోటోని అప్పటికే గోడవైపు తిప్పి పెట్టేసింది. పగలు మొక్కలకి నీళ్లు పెడుతూ లెక్క కట్టుకునేది. వచ్చే సెప్టెంబరులో సంవత్సరీకం. ఆ రోజుకి మొహం తేటపడితే అమ్మ క్షమించినట్టు. తేటపడకపోతే, ఇంక ఈ జన్మకి క్షమించనట్టు. ఎవరు చెప్పారు ఆ లెక్క? ఎవరూ చెప్పలేదు. తనే పెట్టుకుంది, తనే దాన్ని శాసనంలా పట్టుకుంది.

అక్కణ్ణించి మొహంతో యుద్ధం. టూత్‌పేస్టు రాసింది, టమాటా ముక్క రుద్దింది, వేపాకు నూరి పట్టించింది. తాతాజీ మావయ్య వచ్చి ఎండుమిరపకాయలతో దిష్టి తీసి, "ఘాటు రాలేదమ్మడూ, దిష్టి గట్టిదే" అని తేల్చి వెళ్లాడు. మెడికల్ షాపు కుర్రాడు మొహం చూసి, చీటీ గీటీ ఏమీ అడక్కుండా ఓ ట్యూబు చేతిలో పెట్టాడు. వారం తిరిగేసరికి చర్మం నున్నగా మెరిసింది. ఆ వారం వీరవేణి ఫోటోని సగం ఇటు తిప్పింది కూడాను. ట్యూబు అయిపోయిన మూడో రోజుకి రెట్టింపు లేచాయి, మంటతో సహా. మళ్లీ కొంది, మళ్లీ మెరిసింది, మళ్లీ లేచాయి. ఇలా ఆర్నెల్లు. ఫోటో మళ్లీ గోడవైపుకే పోయింది.

ఈ వైద్యాలు సగం బేబి తెచ్చినవే. బేబి నలభై దాటిన మనిషి, అంటు కట్టడంలో ఆ చుట్టుపక్కల పేరున్న చెయ్యి. అప్పాయమ్మకి కుడిభుజం. ఆవిడ పోయాక వీరవేణి మీద ఎక్కడలేని శ్రద్ధ పెట్టుకుంది. రోజూ క్యారేజీలో కూర తెచ్చేది, మొహానికేదో ఒకటి తెచ్చేది. మంచిదే గానీ ఒక్కటే చిత్రం. అప్పాయమ్మ మాటెత్తితే మాత్రం లేచి వెళ్లిపోయేది.

ఆగస్టు ఆఖర్లో ఆ ఇద్దరూ కలిసి చేసిన ఘనకార్యం విన్నారంటే నెత్తి కొట్టుకుంటారు. చామంతి ఆకు మీద మచ్చ పడితే కొట్టే నీలం పొడి మందుంటుంది, నీళ్లలో కలిపి కొడితే మూడు రోజుల్లో మచ్చ ఆగిపోతుంది. అంటు కట్టినచోట కుళ్లకుండా అదే మందు ముద్ద చేసి పూస్తారు. "ఆకుకి పనిచేసేది, కొమ్మకి పనిచేసేది, మొహానికి పనిచెయ్యదంటే?" అంది బేబి. పుట్టినప్పట్నుంచీ మొక్కల మధ్య బతికినవాళ్లకి తప్ప ఇంకెవరికైనా తడుతుందా ఈ బుద్ధి! కొంచెమే ముద్ద చేసి, దవడలకి పూసుకుని, వీరవేణి ఎండలో కూర్చుంది. పావుగంటకి మంట. కడిగితే మంట ఇంకా ఎక్కువైంది. సాయంత్రానికి మొహం ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి, దవడల మీద నీలం దిగలేదు. బేబి లబోదిబోమని, మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కించి రాజమండ్రి తీసుకుపోయింది.

చర్మం డాక్టరు సత్యవాణిగారు నెమ్మదైన మనిషి. ముందు నీలం కథంతా విని, నవ్వు ఆపుకుని, ఆ వాపుకి మందు రాశారు. తర్వాత ట్యూబు చూపించమన్నారు. చూడగానే నవ్వు పోయింది. "ఇది మొహానికి రాసేది కాదమ్మా. ఇంకెప్పుడూ ముట్టుకోకు. దీనివల్లే సగం ముదిరాయి" అన్నారు. తర్వాత దీపం దగ్గరగా లాగి దవడలు, గడ్డం, కళ్ల కింద నలుపు అన్నీ చూశారు.

"రాత్రిళ్లు ఎన్ని గంటలు పడుకుంటావు?"

"పడుకోనండి."

"అంటే, నిద్ర పట్టదా?"

"పడుతుందండి. పడితే లేచిపోతాను."

"ఎన్నాళ్లనుంచి?"

"పదకొండున్నర నెలలండి."

ఎవరూ అంత కచ్చితంగా చెప్పరు. డాక్టరుగారు కలం కింద పెట్టేశారు. "చూడమ్మా. నిద్ర తగ్గినా, మనసులో బెంగ పెట్టుకున్నా ఒంట్లో కొన్ని హార్మోన్లు పెరుగుతాయి. వాటివల్ల చర్మంలో జిడ్డు ఎక్కువవుతుంది, ఉన్న వాపు తగ్గదు. పగలంతా ఎండలో దుమ్ములో ఉంటావు కదా, ఆ చర్మం మళ్లీ బాగుపడేది చాలావరకు నువ్వు పడుకున్నప్పుడే. నువ్వు దానికా తీరికే ఇవ్వట్లేదు. మొటిమలకి అదొక్కటే కారణమని నేననను. మందులు ఇస్తాను, పనిచేస్తాయి. కానీ నిద్ర నువ్వే తెచ్చుకోవాలి."

"ఎన్నాళ్లకి తగ్గుతుందండి?"

"రెండు మూడు నెలలు పడుతుంది."

"పది రోజులే ఉందండి."

"దేనికమ్మా? పెళ్లిచూపులా?"

"మా అమ్మ సంవత్సరీకమండి."

ఇంక ఆగలేదు ఆ పిల్ల. వానరాత్రి, వంతు, స్తంభం, అన్నీ చెప్పేసింది. నిద్రపోతే మనుషులు చచ్చిపోతారండి, అదొక్కటీ నన్ను చెయ్యమనకండి అంది. డాక్టరుగారు అంతా విన్నారు. చివరికి, "అలారం మోగలేదా?" అని మాత్రం అడిగారు.

"మోగే ఉంటుందండి. మొద్దు నిద్ర. వినపడలేదు."

"ఫోను ఎక్కడుంది?"

"తలగడ కిందండి. ఎప్పుడూ అక్కడే." అని ఆగింది. "కాదండి, అమ్మ దగ్గర దొరికింది. బురదలో. టార్చి కోసం తీసుకెళ్లింది."

పక్కన బల్ల మీద కూర్చున్న బేబి లేచి బయటికెళ్లిపోయింది. తిరుగు ప్రయాణంలో బస్సు కడియం చేరేదాకా కిటికీలోకే చూస్తూ కూర్చుంది. బేబక్కకి ఎండ దెబ్బ తగిలిందేమో అనుకుంది వీరవేణి.

సంవత్సరీకం ముందురోజు మధ్యాహ్నం తాతాజీ మావయ్య దిగాడు. మర్నాటికి కావలసినవన్నీ చూసుకుని, ఎవరికైనా ఇచ్చెయ్యాల్సిన బట్టలేమైనా ఉన్నాయేమోనని అక్క ట్రంకుపెట్టె తెరిచాడు. వీరవేణి ఏడాదిగా దాని మూత ఎత్తలేదు. నాలుగు చీరలు, ఆకుపచ్చ అంచు దుప్పటి, కళ్లజోడు, వాటి కింద ఓ బుల్లి బటన్ల ఫోను.

"ఇదిక్కడ ఉందేంటి? మీ అమ్మతో పాటే పోయిందనుకున్నానే" అన్నాడు మావయ్య.

"లేదు మావయ్యా. ఆ రోజు తలుపు పక్కన మేకుకే వేలాడుతోంది. బేబక్క తీసి లోపల పెట్టింది."

మావయ్య దాన్ని ఛార్జింగు పెట్టాడు. కాసేపటికి వెలిగింది. పైనున్న బటను నొక్కితే టార్చి వెలుగు గది అంతా పడింది. "భలే టార్చి. దీన్ని పట్టుకునేగా అక్క తోటంతా తిరిగేది. నీ టచ్ ఫోనంటే దానికి భయం కదా, వేలు పెడితే ఎక్కడ పాడవుతుందోనని" అని ఏదో చెప్పుకుపోతున్నాడు.

వీరవేణి వినట్లేదు. ఆ వెలుగునే చూస్తోంది. అమ్మకి టచ్ ఫోనులో టార్చి వెయ్యడం రాదు. తన టార్చి మేకుకే ఉంది, చెయ్యి చాపితే అందేది. మరి వానలో, చేతకాని ఫోను ఎందుకు పట్టుకెళ్లింది? అంత మందీ టార్చి కోసమే అన్నారు. తనూ అదే అంది. ఏడాది పాటు.

తోటలో బేబి గులాబీలకి అంటు కడుతోంది. వీరవేణి వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"బేబక్కా. అమ్మ నా ఫోను ఎందుకు తీసుకెళ్లింది?"

బేబి చేతిలో చాకు ఆగిపోయింది. ముందు తల అడ్డంగా ఊపింది. తర్వాత ఏడుపు మొదలైంది. ఏడుస్తూనే చెప్పింది.

"ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చిందే మీ అమ్మ. నువ్వు స్నానానికెళ్లావు. మూడు రోజులు లారీలకి మొక్కలెత్తి వచ్చావు కదా, జ్వరం కూడా ఉంది నీకు. నీ ఫోను పట్టుకొచ్చి, 'ఇది మోగితే ఎలా ఆపాలే బేబీ' అంది. వేలితో పక్కకి తొయ్యాలని చూపించాను. రెండు సార్లు తోయించాను కూడా, నేర్చుకుంది. 'పిల్ల మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో. నిద్ర లేకపోతే ముందు మొహమే చెబుతుంది. ఈ రాత్రి అది పడుకున్నాక ఇది నా తల కింద పెట్టుకుంటాను. పడుకోనీ పిల్లని' అంది." కొంగుతో మొహం మూసుకుంది. "నేనే నేర్పానే! నేను నేర్పకపోతే అది మోగుతూనే ఉండేది, నువ్వు లేచేదానివి, ఆవిడ వెళ్లేది కాదు. ఆ మాట నీకెలా చెప్పను? రోజూ నీ మొహం చూసి చచ్చిపోతున్నాను."

 వీరవేణికి లోపల మండిపోయింది, చెప్పొద్దూ. ఏడాది! ఒక్క మాట చెబితే పోయేదానికి కూరలు తెచ్చింది, నీలం మందు తెచ్చింది! చెయ్యెత్తింది కూడా. ఆ చెయ్యి బేబి భుజం మీద పడి అక్కడే ఉండిపోయింది. ఆ మనిషి కళ్ల కిందా నలుపే. ఆవిడా పడుకోలేదు ఈ ఏడాదంతా.

"అలారం మోగిందా అక్కా?" అంది చివరికి.

"మోగే ఉంటుంది. ఆవిడ తల కింద మోగుంటుంది. తోసేసుంటుంది. మళ్లీ మోగి నిన్ను లేపుతుందేమోనని చేత్తోనే పట్టుకుపోయుంటుంది."

అంటే అమ్మ లేపలేదు. ఆ రాత్రి "లే" అన్నవాళ్లే లేరు. ఏడాదిగా చెవిలో "లేవే, లే" అంటున్న గొంతు అమ్మది కాదు. అమ్మ గొంతు వేసుకుని తనే తనని లేపుకుంటోంది. అమ్మ ఆఖరి మాట అది కాదు. ఆవిడ దుప్పటి తీసి తన మీద కప్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికేసి వెళ్లిపోయింది. ఆ సంగతి తెలిస్తే తేలికవుతుందనుకుంటాం గానీ, ఏం తేలికండీ? తను నిద్రపోయి అమ్మని చంపాననుకున్న బరువు పోయి, తన నిద్ర కోసమే అమ్మ పోయిందన్న బరువొచ్చింది. అక్కడే మట్టిలో కూర్చుని పొద్దుగూకేదాకా ఏడ్చింది.

ఆ రాత్రి పదింటికి బల్బులు వాటంతటవే వెలిగాయి. ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. వీరవేణి ఫోనులో అలారం తీసేసి, ఫోను తీసుకెళ్లి ఆ రాత్రికి తోటలోనే ఉండిపోయిన బేబి చేతిలో పెట్టింది. డాక్టరుగారిచ్చిన మందు రాసుకుని, తన దుప్పటి కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. "లే" అన్న గొంతు రాకపోలేదు. వచ్చింది. "అమ్మ పడుకోమంది" అని దానికి జవాబు చెప్పింది, పైకే. మళ్లీ వచ్చింది. మళ్లీ చెప్పింది. ఎన్నోసారికో తెలీదు, ఆ గొంతు రాలేదు.

మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతోంది. బయట గిన్నెల చప్పుడు, ఎవరివో గుసగుసలు.

"తొమ్మిదవుతోంది, పంతులుగారు వచ్చి గంటైంది. లేపవే బేబీ" అంటున్నాడు తాతాజీ మావయ్య.

"ఆవిడే లేపలేదండి. నేను లేపను" అంటోంది బేబి, గుమ్మానికి అడ్డంగా కూర్చుని. "పంతులుగారిని ఇంకో కాఫీ తాగమనండి."

వీరవేణి లేచి కూర్చుంది. ఒంటి మీద రెండు దుప్పట్లున్నాయి. పైది ఆకుపచ్చ అంచుది. ట్రంకుపెట్టె మూత వేసే ఉంది. ఎవరు తీసి కప్పారని ఆ పిల్ల ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. దాన్ని మడత పెట్టి తలగడ మీద ఉంచింది.

మొహం కడుక్కుని అద్దంలో చూసుకుంది. మొటిమలు మొటిమల్లాగే ఉన్నాయి, మచ్చలు మచ్చల్లాగే ఉన్నాయి. దవడ కింద నీలం కూడా ఇంకా పూర్తిగా పోలేదు. బొట్టు పెట్టుకుంది. గోడ దగ్గరికెళ్లి అమ్మ ఫోటోని ఇటు తిప్పింది. ఏడాది దుమ్ము కొంగుతో తుడిచి, బయటికి తెచ్చి పీట మీద పెట్టి, దండ వేసింది.

అందరూ దణ్ణాలు పెట్టుకున్నారు. వీరవేణి వంతొచ్చింది. ఎదురుగా కూర్చుని, ఆ మచ్చల మొహం ఎత్తి, పోలీసుల దగ్గర్నుంచి పలకరింపుకొచ్చినవాళ్ల దాకా అందరికీ తల దించుకుని చెప్పిన మాటనే చెప్పింది.

"పడుకున్నానే అమ్మా. బాగా పడుకున్నాను."